పేరు చూడకుండా వినడం: గిటార్ ఆంప్ మోడలర్లను పోల్చే పద్ధతి

భీమవరం పెళ్లి ఆర్కెస్ట్రాలోనైనా, అమలాపురం చర్చి బ్యాండులోనైనా గిటారిస్టు కాళ్ల దగ్గర ఒక మోడలర్ (గిటార్ ఆంప్లిఫయర్ శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరించే డబ్బా), దాన్నుంచి నేరుగా మిక్సర్‌కి ఒక కేబుల్ ఉంటే పని జరిగిపోతుంది. తేలనిది ఒక్కటే: హెలిక్స్ మంచిదా, క్వాడ్ కార్టెక్స్ మంచిదా, ఉచితంగా దొరికే న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్‌ని ల్యాప్‌టాప్‌లో వేసుకుంటే చాలదా? డబ్బాని చూస్తూ వింటే దాని ధర కూడా వినబడుతుంది. అందుకే పేరు దాచాలి. కానీ పేరు దాచడం చివరి పని. దానికి ముందు చేసే సర్దుబాట్లు తప్పితే, విన్న తేడా మోడలర్‌ది కాకుండా పోతుంది.

వాయించడం ఒక్కసారే. ఒక్కోదానికి మళ్లీ మళ్లీ వాయిస్తే చేతి తేడానే వింటారు. గిటార్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (సిగ్నల్‌ని కంప్యూటర్‌కి పంపే పెట్టెలో) ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కి (సుమారు 1 మెగాఓమ్ ఉండేదానికి) పెట్టి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఏ ఎఫెక్టూ లేని డీఐ (గిటార్ నుంచి నేరుగా వచ్చే ముడి సిగ్నల్) రికార్డు చేయండి. గట్టిగా మీటినప్పుడు మీటర్ -10 డెసిబెల్ దగ్గర ఆగాలి. 30 సెకన్లు చాలు: మోగుతూ వదిలేసిన ఒక కార్డ్, కొంచెం పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగల్ని అణచి మీటడం), తీగ లాగి జార్చి గమకం తీసే ఒక మెలొడీ ముక్క, అదే ముక్క గిటార్ వాల్యూమ్ 10లోనూ 5లోనూ. మోడలర్ల తేడా ఎక్కువగా దొరికేది ఈ చివరి చోటే. నిండు డిస్టార్షన్‌లో అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి, సగం వాల్యూమ్‌లో ఆంప్ ఎలా తేటపడుతుందో అక్కడ విడిపోతాయి.

హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోత) సంగతి ముందే చూసుకోండి. రొయ్యల చెరువుల పక్క ఇళ్లలో ఏరేటర్ మోటార్లు తిరుగుతుంటే, ఎర్తింగ్ కూడా సరిగా లేకపోతే, సింగిల్ కాయిల్ పికప్ 50 హెర్ట్జ్ హమ్‌ని బాగా పట్టేస్తుంది. గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) పెంచగానే అదీ పెరుగుతుంది. ఛార్జర్ తీసేసి ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపండి, హమ్ తగ్గే దిక్కుకి గిటార్ తిప్పుకోండి. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు రికార్డు చేయకండి.

ఈ డీఐని అన్నింటికీ పంపాలి. ప్లగిన్‌కి (కంప్యూటర్‌లో నడిచే మోడలర్‌కి) నేరుగా ఇస్తే చాలు. హెలిక్స్ లాంటివాటికి యూఎస్‌బీ మీదుగానే రీఆంప్ చేయొచ్చు, అంటే రికార్డు చేసినదాన్ని మళ్లీ మోడలర్‌లోంచి పంపొచ్చు. అది వీలుకాని డబ్బాకి రీఆంప్ బాక్స్ (లైన్ సిగ్నల్‌ని గిటార్ స్థాయికి దించేది) కావాలి. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌పుట్‌ని నేరుగా గుచ్చితే సిగ్నల్ ఎక్కువై గెయిన్ పెరిగినట్టు వినబడుతుంది. సరిచూసుకోవడానికి గిటార్‌ని మోడలర్‌కి నేరుగా పెట్టి ఒకసారి మీటి, రీఆంప్ చేసిన ముక్క అంతే పగులుతోందో లేదో చూడండి.

అన్నింటిలోనూ సొంత క్యాబినెట్ (స్పీకర్ పెట్టె అనుకరణ) ఆపేసి, ఒకే ఐఆర్ ఫైలు (స్పీకర్, మైకు కలిసి ఇచ్చే శబ్దపు ముద్ర) వేయండి. లేదంటే పోల్చేది స్పీకర్లనీ మైకులనీ, ఆంప్‌లని కాదు. రివర్బ్, డిలే, నాయిస్ గేట్ కూడా ఆపాలి. నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి సమానం అనుకోకండి. క్యాప్చర్ అనేది ఆంప్‌ని ఒక సెట్టింగ్‌లో తీసిన ఫొటో లాంటిది, అందులో నాబ్ మధ్యలో ఉంటే వచ్చే టోన్ వేరు, మోడల్‌లో మధ్యలో ఉంటే వచ్చేది వేరు. ఒక్కోదాన్ని ట్యూన్ చేయడానికి సమాన సమయం, 10 నిమిషాలనుకోండి, ఇవ్వండి.

ఇక అసలు మెలిక, శబ్దం స్థాయి. 1 డెసిబెల్ ఎక్కువున్నదాన్ని చెవి 'ఎక్కువ శబ్దం' అనదు. 'నిండుగా ఉంది', 'స్పష్టంగా ఉంది' అంటుంది. పీక్ నార్మలైజ్ (అతి పెద్ద శిఖరాలని సమానం చేయడం) పనికిరాదు, ఒకే పీక్ దగ్గర డిస్టార్షన్ టోన్ క్లీన్‌కన్నా చాలా బిగ్గరగా ఉంటుంది. లౌడ్‌నెస్ మీటర్‌లో ఇంటిగ్రేటెడ్ అంకె (ముక్క మొత్తానికి సగటు) చూసి అన్నింటినీ -20 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (చెవికి ఎంత బిగ్గరగా వినబడుతుందో కొలిచే ప్రమాణం), 0.2 డెసిబెల్ లోపు తేడాతో తెండి. క్లీన్ ముక్క పీకులు అప్పటికీ పగులుతుంటే లిమిటర్ వేయకుండా అన్నింటినీ కలిపి -23కి దించండి.

తర్వాత మొదటి మీటు దగ్గర ఫైళ్లను వరసలో పెట్టండి. మోడలర్లు కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా పలుకుతాయి, మధ్యలో మార్చి వింటే ఆ ఎగుడుదిగుడే గుర్తుపట్టిస్తుంది. మీటుకి ముందున్న 'శ్శ్' హిస్ కూడా కోసేయండి, చాలామందికి దొంగ దొరికేది అక్కడే.

ఇప్పుడు పేరు దాచాలి. బొమ్మా బొరుసా వేసి ఫైళ్లకి అంకెలు పెట్టే మనిషి, వినే గదిలో ఉండకూడదు. ముఖం చూస్తే తెలిసిపోతుంది. తేడా పట్టగలరా అన్నది ప్రశ్నయితే ఫూబార్2000 అనే ఆడియో ప్లేయర్‌లో ఏబీఎక్స్ (దాచిన ఎక్స్ ఫైలు ఏ నా, బీ నా అని చెప్పే పరీక్ష) పెట్టి 16 సార్లు చేయండి. 12 లేదా అంతకన్నా ఎక్కువ సరైతే గుడ్డిగా కొట్టి తెచ్చే అవకాశం 4 శాతం లోపే. 11 అయితే 10 శాతం దాటుతుంది, ఒప్పుకోకండి. 16 అని ముందే రాసుకోవాలి, గెలుస్తున్నప్పుడు ఆపడం కుదరదు. 12 రాకపోయినంత మాత్రాన రెండూ ఒకటేనని తేలినట్టు కాదు.

ఏది నచ్చిందన్నది ప్రశ్నయితే మార్కులు వేయించండి, వాటిలో ఒకే ఫైలుని రెండు అంకెలతో కలపండి. దాని ఒక కాపీకి 9, ఇంకో కాపీకి 5 వేసినవాళ్ల మార్కులన్నీ పక్కన పెట్టేయాల్సిందే.

మూసి ఉండే హెడ్‌ఫోన్స్‌తో ఫ్యాన్ ఆపి వినాలి. మే నెల ఉక్కలో అలా అడగడం అన్యాయమే, తెల్లవారుజామున పెట్టుకోండి. రేకుల ఇంట్లో వానపడే రోజు అసలే వద్దు. అదే పరీక్ష స్టేజీ మీద వాడే పీఏలో (పెద్ద స్పీకర్ల సెట్‌లో), కీబోర్డు, ప్యాడ్లు కలిపి ఇంకోసారి చేయండి; హెడ్‌ఫోన్స్‌లో 14 తెచ్చుకున్నవాళ్లు అక్కడ 8 దగ్గర ఆగితే, ఆ కొనుగోలు గురించి తొందరపడక్కర్లేదు.

వేళ్ల కింద స్పందన ఈ పద్ధతిలో తెలియదు. దానికి గిటార్ పట్టుకునే వినాలి: డబ్బాల మీద తుండుగుడ్డ కప్పి, వేరొకరు కేబుల్ మారుస్తుండాలి, మార్చకుండా మార్చినట్టు నటించడం కూడా మధ్యమధ్యలో ఉండాలి. అందరూ మార్కులు కాగితం మీద రాసి ఇచ్చాకే అంకెల కవరు చింపండి.