బెండు నిలబడదు, చేప పడదు: జెట్టీ మీద బెండు గాలం సమస్యలు, పరిష్కారాలు

జెట్టీ పక్కన లోతు సాధారణంగా రాడ్ పొడవు కన్నా ఎక్కువే ఉంటుంది. అంత లోతుకి బెండును లైనుకి బిగించేస్తే విసరడం కుదరదు, కాబట్టి లైను మీద ముడి దాకా జారే బెండే వాడాలి. కింద చెప్పేదంతా దాని గురించే. రీలు నుంచి గాలం వైపు వరస ఇదీ: స్టాపర్ ముడి (బెండు ఎంత లోతు దగ్గర ఆగాలో నిర్ణయించే, జరపగల ముడి), సన్న రంధ్రమున్న పూస, బెండు, మరో పూస, మధ్యలో రంధ్రమున్న సీసపు గుండు, మెత్తటి రబ్బరు పూస, స్వివెల్ (లైను మెలిపడకుండా తిరిగే లోహపు లంకె), దాని కింద 60 నుంచి 90 సెంటీమీటర్ల గాలం లైను.

చేప పడకపోతే చాలామంది ముందు ఎర మారుస్తారు. ముందు మార్చాల్సింది లోతు.

బెండు నిలబడకుండా నీటి మీద పడుకుంటోంది

దీనికి మూడు కారణాలు ఉండొచ్చు: గుండు అడుగున కూర్చుంది, లైను బెండులోంచి జారడం లేదు, లేదా గుండు బరువు చాలడం లేదు. ఏదో తేల్చడానికి స్టాపర్ ముడిని గుండుకి 1 మీటరు దూరానికి జరిపి, జెట్టీ పక్కనే నీళ్లలోకి దించండి. ఇప్పుడు నిలబడితే ఇందాక లోతు ఎక్కువైందన్నమాట. అప్పటికీ పడుకునే ఉంటే బెండు గొట్టంలో ఇసుకో నాచో చేరిందేమో చూసి కడగండి. అదీ కాకపోతే బరువు పెంచండి. బెండు మీద 20 గ్రా. అని రాసి ఉంటే 20 గ్రాముల గుండు వేయమని అర్థం. ఇంట్లో బకెట్ నీళ్లలో సరిచూసుకున్నా, సముద్రపు నీటిలో కొంచెం పైకి తేలుతుంది. ఉప్పునీటి సాంద్రత ఎక్కువ.

ఒక్కోసారి తప్పు చేతిది. బెండు నీళ్లలో పడగానే రీల్ బెయిల్ (లైను బయటికి పోకుండా ఆపే తీగ) మూసేస్తే గుండు దిగడానికి లైను దొరకదు. బెయిల్ తెరిచే ఉంచి చూడండి: బెండు కాసేపు పడుకుని ఉంటుంది, పక్కనే లైను సర్రున లోపలికి పోతుంటుంది, ముడి వచ్చి పూసకి తగలగానే బెండు లేచి నిటారుగా నిలబడుతుంది. మూయాల్సింది అప్పుడే.

బెండు నిలబడింది కదా అని ఎర అడుగుకి తగలడం లేదనుకోవద్దు. గుండు కింద ఇంకా 60 సెంటీమీటర్ల పైన లైను ఉంది. రాళ్లున్న చోట గాలం మాటిమాటికీ తట్టుకుంటుంటే ముడిని మరో 1 మీటరు కిందికి తెండి.

మొదట్లో పడ్డాయి, తర్వాత ఆగిపోయాయి

బెండు లోతును నీటి పైభాగం నుంచి కొలుస్తుంది. పోటుకీ పాటుకీ అడుగు దూరం మారుతూ ఉంటుంది. రోజుకి రెండు పోట్లు వచ్చే తీరాల్లో నీరు ఎక్కడానికి సుమారు 6 గంటలు పడుతుంది. అయితే అన్ని గంటల్లోనూ ఒకేలా ఎక్కదు. తేడా 3 మీటర్లయితే మొదటి గంటలో ఎక్కేది దాదాపు 25 సెంటీమీటర్లు, రెండో గంటలో 50, మూడు, నాలుగు గంటల్లో 75 చొప్పున. ఆ తర్వాత మళ్లీ నెమ్మదిస్తుంది.

నీరు తీస్తున్నప్పుడు తప్పు కళ్ల ముందే తెలుస్తుంది: అడుగు పైకొచ్చి గుండుకి తగులుతుంది, బెండు పడుకుంటుంది. నీరు ఎక్కేటప్పుడు ఏ గుర్తూ ఉండదు. బెండు ఠీవిగా నిలబడే ఉంటుంది, ఎర మాత్రం అడుగున తిరిగే చేపలకి అందనంత పైకి పోయి ఉంటుంది. అడుగు చేపల కోసమైతే మూడు, నాలుగు గంటల్లో ప్రతి 20 నిమిషాలకీ ముడిని పాతిక సెంటీమీటర్లు పైకి జరపండి. కానాగంతల్లా మధ్య నీటిలో గుంపుగా తిరిగేవాటికి ఈ లెక్క అక్కర్లేదు. 2 మీటర్లతో మొదలుపెట్టి, పది నిమిషాల్లో కదలిక లేకపోతే ఎరని మరో 50 సెంటీమీటర్లు లోతుకి దించి చూడండి.

స్టాపర్ ముడి జారిపోతోంది

చేతిలోని రాడ్ ఎంత ఖరీదైనదైనా ఈ ముడి సరిగా లేకపోతే వృథా. 15 సెంటీమీటర్ల మెత్తటి దారం ముక్కని లైను పక్కన పెట్టి, ఉచ్చు చేసి, దారం కొసని ఉచ్చులోంచి లైను చుట్టూ ఐదుసార్లు తిప్పి, ఉమ్మితో తడిపి, రెండు కొసలూ లాగి బిగించండి. తడపకుండా లాగితే వేడికి కింది టంగూసు పాడవుతుంది. కొసల్ని మొదలంటా కత్తిరించకండి. 2 సెంటీమీటర్లు వదిలితే రాడ్ గైడ్లలోంచి (లైను వెళ్లే రింగుల్లోంచి) వెళ్లేటప్పుడు మెత్తగా వంగుతాయి, పొట్టిగా ఉంటే ప్రతి గైడుకీ తట్టుకుంటాయి.

ముడి కదలకుండా ఉన్నా బెండు దాన్ని దాటి పైకి పోతోందంటే పూస రంధ్రం పెద్దది. పూస మార్చండి. ముడిని లావు చేస్తే గైడ్ల దగ్గర కష్టం.

బెండు మునుగుతోంది, లాగితే ఏమీ లేదు

టకటకా చిన్నగా ఊగి ఎర ఖాళీ అవుతుంటే చిన్న చేపలు కొరుక్కుపోతున్నాయి. గాలం 4 నంబరుంటే 8కి మారండి (నంబరు పెరిగితే గాలం చిన్నది), రొయ్య ముక్కని గాలం వంపుకి సరిపోయేంతే గుచ్చి మొన బయటికి ఉంచండి. మొన ఎరలో కూరుకుపోతే చేప నోట్లో గుచ్చుకోదు.

బెండు గట్టిగా మునిగినా తప్పిపోతుంటే లైను వదులుగా ఉంది. జెట్టీ ఎత్తు మీద గాలికి లైను విల్లులా వంగుతుంది. గాలం గుచ్చుకోవాలని రాడ్ ఎత్తి మీరు కొట్టిన దెబ్బ ఆ వంపు సరిచేయడానికే సరిపోతుంది, గాలం దాకా రాదు. ముందు రీలు తిప్పి లైను బిగువు చేసి, బరువు తగిలాక రాడ్ ఎత్తండి. సూదిలా పొడుగు ముక్కున్న చేపలైతే మునిగాక రెండు మూడు సెకన్లు ఆగాలి. ఆ ముక్కు ఎముకలో గాలం దిగదు.

బెండు మునగకుండా ఉన్నట్టుండి పైకి లేచి పడుకుంటే అదీ చేపే. ఎరతో పైకి ఈది గుండు బరువు తీసేసింది. ఆగకుండా చుట్టండి.

బెండు స్తంభాల కిందికి పోతోంది

నిలబడ్డ వైపు తప్పు. ప్రవాహం జెట్టీ నుంచి బయటికి పోయే వైపు ఉండాలి. పోటు మారితే ఆ వైపూ మారుతుంది. బెండు స్తంభాల మధ్యకి చేరితే గుల్లలకి రాసుకుని లైను తెగుతుంది, కాబట్టి ముందే చుట్టేయండి. ప్రవాహానికి ఎర పైకి తేలిపోతుంటే గాలానికి 30 సెంటీమీటర్ల పైన ఒకటి రెండు చిన్న సీసపు గుళ్లు నొక్కండి, ఆ మేరకు గుండు బరువు తగ్గించండి.

విసిరిన ప్రతిసారీ చిక్కు పడుతోంది

బెండు నీటిని తాకే ముందు రీలు అంచు మీద వేలితో లైనుని మెల్లగా ఆపండి. గాలం లైను ముందుకి సాగి తిన్నగా పడుతుంది. అయినా చిక్కుపడితే దాన్ని 60 సెంటీమీటర్లకి తగ్గించండి.

పైకెత్తేటప్పుడు లైను తెగి చేప పడిపోతోంది

నీటిలో చేప బరువు లైనుకి తెలియదు, గాలిలోకి రాగానే మొత్తం పడుతుంది, పైగా తన్నుకుంటుంది. అరకిలో దాటితే రాడ్‌తో ఎత్తకండి. తాడు కట్టిన గుండ్రటి వలని నీటిలోకి దించి, ప్రవాహం చేపని తెచ్చే వైపు వలని ఉంచి, చేపని దాని మీదికి నడిపించాక తాడు లాగండి. రాడ్ పట్టుకున్నవాళ్లే వల లాగబోతే రెండూ చెడతాయి. లైను తెగకపోయినా చివరి 1 మీటరుని గోటితో తడిమి చూడండి. గరుకు తగిలితే కత్తిరించి, గాలం మళ్లీ కట్టండి.