కంచె ఎవరిదో తేల్చే టీ గుర్తు

ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్నాక "ఎడమవైపు కంచె మనదే" అనుకోకండి, అలాంటి రూలేమీ లేదు. స్తంభాలు మనవైపు ఉన్నంత మాత్రాన కూడా అది రుజువు కాదు. ఆస్తుల యాజమాన్యాన్ని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి టైటిల్ రిజిస్టర్ (యాజమాన్య వివరాల పత్రం), ప్లాన్ (స్థలం పటం) తెప్పించుకోండి. ప్లాన్‌లోని ఎర్రగీత హద్దును ఉజ్జాయింపుగానే చూపిస్తుంది, స్కేలు పెట్టి కొలిచి గొడవకు దిగొద్దు. అసలు సంగతి పాత దస్తావేజుల్లో దొరుకుతుంది. అక్కడి ప్లాన్‌లో హద్దు గీతకు ఆనించి ఇంగ్లిష్ టీ (T) అక్షరం ఉందేమో చూడండి. టీ ఎవరి స్థలంవైపు ఉంటే సాధారణంగా బాధ్యత వాళ్లది. రెండు టీలు కలిసి హెచ్‌లా కనిపిస్తే ఇద్దరిదీ. దస్తావేజు వాక్యాల్లో దాని ప్రస్తావన లేకపోతే మాత్రం ఆ గుర్తుకు బలం తగ్గుతుంది. పక్కింటి దస్తావేజు కూడా తప్పకుండా చూడండి, మనదాంట్లో లేని మాట అందులో ఉండొచ్చు. ఎక్కడా ఏమీ లేదా? పాత కంచె పీకకముందే ఇద్దరూ కూర్చుని, ఒప్పుకున్నది కాగితం మీద పెట్టి సంతకాలు చేసుకోండి.