ప్లాట్‌ఫామ్ మీద నిలబడి రైలును చదవడం ఎలా

రైల్వే కోడ్‌లు నేర్చుకుంటామని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. జాబితా ముందేసుకుని బట్టీ పట్టకండి. విశాఖ స్టేషన్‌కి కాస్త ముందుగా వెళ్లి, ఎదురుగా ఆగి ఉన్న బండినే చదవండి. వాల్తేరు డివిజన్‌లో టీఎక్స్ఆర్‌గా, అంటే బండి చుట్టూ తిరిగి బోగీలు పరీక్షించే పనిలో, నా సర్వీసు గడిచింది. నాకూ అలాగే వంటబట్టాయి.

ముందు స్టేషన్ కోడ్‌లు. టెలిగ్రాఫ్ మీట మీద చుక్కా గీతా కొట్టి కబురు పంపే రోజుల్లో ఊరి పేరంతా కొట్టే తీరిక ఎవరికుంది? ఆ పొట్టి పేర్లే ఇవాళ మన టికెట్ మీదా ఉన్నాయి. విజయవాడకి బీజడ్‌ఏ, బెజవాడ కాబట్టి. శ్రీకాకుళం రోడ్‌ని దొరలు చికాకోల్ రోడ్ అనేవారు, అందుకే సీహెచ్‌ఈ. మన దగ్గర్నుంచి వెళ్లే రాయపూర్‌కైతే ఒక్కటే అక్షరం, ఆర్. మొదట మీరు రోజూ తిరిగే దారివి పట్టుకోండి: దువ్వాడ డీవీడీ, అనకాపల్లి ఏకేపీ, కొత్తవలస కేటీవీ, విజయనగరం వీజడ్‌ఎం.

తర్వాత బోగీ మీది అక్షరాలు. ఎల్‌డబ్ల్యూఎస్‌సీఎన్ అని కనిపిస్తే విడగొట్టండి. ఎల్ అంటే ఎల్‌హెచ్‌బీ (జర్మన్ డిజైన్ బోగీ) రకం, డబ్ల్యూ అంటే బోగీ నుంచి బోగీకి లోపల్నుంచే నడిచే దారి ఉన్నది, ఎస్ సెకండ్ క్లాస్, సీఎన్ మూడంచెల బెర్తులు. ఎస్ బదులు ఏసీ ఉంటే థర్డ్ ఏసీ. ఆ ఏసీ బోగీకి చివర సీఎన్ బదులు సీడబ్ల్యూ ఉంటే టూ టైర్. పక్కనున్న నంబర్‌లో మొదటి రెండంకెలు తయారైన సంవత్సరం.

గూడ్స్ బండి ఇంకా తేలిక. కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్) నుంచి పోర్టుకి ఇనుప ఖనిజం తెచ్చేది బాక్స్ఎన్: బీ అంటే బోగీ రకం (ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, కింద చక్రాలుండే చట్రం), ఓ అంటే పైకప్పు లేనిది, చివరి ఎన్ ఎయిర్ బ్రేక్. బీసీఎన్‌కి పైకప్పు ఉంటుంది. బీటీపీఎన్ పెట్రోలు ట్యాంకరు.

అన్నిటికన్నా ముఖ్యం బండి తోక. చివరి బోగీ వెనక ఎల్‌వీ అని చిన్న బోర్డు వేలాడుతుంది, రాత్రయితే ఎర్ర దీపం మినుకుమంటుంది. లాస్ట్ వెహికల్ అని దానర్థం. బండి స్టేషన్ దాటుతున్నప్పుడు అక్కడివాళ్లు దీనికోసమే చూస్తారు. అది కనబడకపోతే మధ్యలో ఎక్కడో కప్లింగ్ తెగి కొన్ని బోగీలు పట్టాల మీదే ఉండిపోయాయేమోనని అనుమానించాలి. బండి మొత్తం వచ్చిందని తేలేదాకా వెనక బండికి లైన్ క్లియర్, అంటే ఆ దారిలోకి రావచ్చన్న అనుమతి, ఇవ్వకూడదు. విశాఖలో దీన్ని గమనించడం మరీ బాగుంటుంది. హౌరా నుంచి చెన్నై వెళ్లే బండి ఇక్కడికొస్తే దిశ మారుతుంది. ఇంజిన్ అటు తీసి ఇటు తగిలిస్తారు, ఎల్‌వీ బోర్డు ఇటు తీసి అటు పెడతారు. ఆ కాసేపు టీ మానేసి చివరిదాకా నడిచి చూడండి.

ఇక మాటలు. బండి ఎక్కడ ఆగినా జనం "క్రాసింగ్" అంటారు. సింగిల్ లైన్ మీద ఎదురుగా వచ్చే బండి కోసం ఆగితేనే క్రాసింగ్. విజయవాడ దారిలో వెనకనుంచి వచ్చే సూపర్‌ఫాస్ట్‌కి దారివ్వడానికి లూప్‌లో, అంటే పక్క పట్టాల మీద, ఆపితే అది ప్రెసిడెన్స్. బోగీల్లేకుండా ఒంటరిగా పోయే ఇంజిన్‌ని లైట్ ఇంజిన్ అంటారు, బరువుతో పనిలేదు.

బండి కదిలాక కిటికీలోంచి పసుపు బోర్డులు చూడండి. డబ్ల్యూ బై ఎల్ అంటే ముందు లెవెల్ క్రాసింగ్ గేటుంది, హారన్ కొట్టమని. టీ బై పీ, టీ బై జీ అని రెండు గుండ్రటి బోర్డులుంటాయి. నెమ్మదిగా నడపాల్సిన భాగం అయిపోయిందని ప్యాసింజర్ బండికి మొదటిది, గూడ్స్‌కి రెండోది. గూడ్స్ పొడవెక్కువ. దాని తోక కూడా ఆ చోటు దాటాకే స్పీడు పెంచాలి, అందుకే రెండోది ఇంకా దూరంగా పాతుతారు. వీటికోసం తలుపు దగ్గర మాత్రం వేలాడకండి, కిటికీ సీటు చాలు.