మనిషి బొమ్మలో ఏం వదిలేద్దాం?

మనిషి బొమ్మ అనగానే చాలామంది ముక్కు దగ్గర మొదలెడతారు. నేనూ అంతే, మొదటి మట్టి బొమ్మకి మూడు రోజులు కళ్లూ ముక్కూ దిద్ది, తీరా నిలబెట్టబోతే మెడ వాలిపోయి తల మోకాళ్ల మీద పడింది. లోపల తీగ లేదు మరి.

తీగ సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది, ఈ మనిషిలో ఏం మారుస్తున్నాం అని. ఒక్కటే మార్చండి. శిల్పి రాన్ మ్యూక్ చేసిన ‘డెడ్ డాడ్’లో చనిపోయిన తండ్రి శరీరం వెంట్రుకలతో సహా అచ్చం నిజంలా ఉంటుంది, కానీ పొడవు మీటరే. సూర్యాపేటలో పుట్టి ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన రవీందర్ రెడ్డి చాలా బొమ్మల్లో ఒళ్లంతా వదిలేసి తల ఒక్కటే పెద్దగా చేస్తారు, ఫైబర్‌గ్లాస్‌తో, మెరిసే బంగారు రంగులో, రెప్పవేయని కళ్లతో. వాటిని ముందు నుంచే చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు, వెనక కొప్పూ పూలూ ఉంటాయి, అవి చూడకుండా రావద్దు. 1938లో శిల్పి రాంకింకర్ బైజ్ శాంతినికేతన్‌లో నడిచి వెళ్తున్న సంతాల్ ఆదివాసీ కుటుంబాన్ని సిమెంటు, గులకరాళ్లతో గరుగ్గా నిలబెట్టారు. నునుపు చేసి ఉంటే ఆ నడకలో బలం పోయేదని నా అభిప్రాయం.

ఇప్పుడు పని. 30 సెంటీమీటర్ల బొమ్మ చాలు. మనిషి ఎత్తు తలకి సుమారు ఏడున్నర రెట్లు కాబట్టి తల 4 సెంటీమీటర్లు వస్తుంది. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగని మధ్యలో తలకి చుట్టగా వంచి, రెండు కొసల్ని వెన్నులా మెలిపెట్టి కాళ్లుగా విడదీయండి, చేతులకి ఇంకో ముక్క కట్టండి. పాదాల కింద కాస్త తీగ ఎక్కువే వదిలి చెక్కకి రంధ్రాలు పెట్టి గట్టిగా బిగించాలి. పైన బైండింగ్ వైరు అడ్డదిడ్డంగా చుడితే ప్లాస్టర్‌కి పట్టు దొరుకుతుంది.

భంగిమ ఇక్కడే కుదరాలి. బస్టాపులో విసుగ్గా నిలబడ్డవాళ్లని చూడండి: బరువు ఒక కాలి మీద, అటువైపు తుంటి పైకి, భుజం కిందికి. తీగని అలా వంచి, గదిలో లైటు ఆపి, ఫోన్ టార్చితో నీడ గోడ మీద వేయండి. నీడలో విసుగు కనిపించకపోతే ప్లాస్టర్ కలపొద్దు.

తీగ మీద మట్టి వేసి ఆరబెడితే మట్టి కుంచించుకుంటుంది, తీగ కుంచించుకోదు, పగుళ్లే మిగులుతాయి. అందుకే పీఓపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. నీళ్లలో పొడి చల్లాలి, పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. పొడి నీళ్లపైన దిబ్బల్లా తేలగానే చల్లడం ఆపి, నిమిషం ఆగి కలిపి, గోనెసంచి పీలికలు ముంచి చుట్టండి. పది నిమిషాల్లో బిగుసుకుంటుంది కనుక కొంచెం కొంచెమే కలపండి, మిగిలింది సింకులో పోయకండి. (మా ఇంట్లో ప్లంబర్‌ని పిలవాల్సొచ్చింది.)

ఒక పొర ఆరాక ఆపి, గుమ్మం దగ్గర నిలబడి చూడండి. నా రెండో బొమ్మని అమ్మ అక్కణ్నుంచే చూసి “ఎవరికోసం ఎదురుచూస్తోంది?” అంది. దానికి చేతులే లేవని ఆమె గమనించలేదు. అలాంటప్పుడు రెండో పొర, సాండ్‌పేపర్ జోలికి వెళ్లొద్దు. రంగు వేయాలనిపిస్తే పూర్తిగా ఎండేదాకా ఆగి, ఒకే రంగు వేయండి.