కుసాయ్ ఒక్కటే నేర్చుకుంటే చాలదు

జపాన్ వచ్చిన కొత్తలో ఒకరోజు పోపులో ఎండుమిరపకాయలు మాడాయి. కాసేపటికి పక్కింటి పెద్దావిడ తలుపు తట్టి, కంగారుగా ఏదో అడిగారు. అందులో 'కొగెకుసాయ్' ఒక్కటే చెవిన పడింది. కుసాయ్ అంటే కంపు అని మాత్రమే నాకు తెలుసు. మన వంటను అంత మాట అన్నారే అని రాత్రంతా బాధపడ్డాను. కొగెరు అంటే మాడడం అని తర్వాత తెలిసింది. పాపం, ఆవిడ మాడు వాసన వస్తోంది, ఇంట్లో ఏమైనా అంటుకుందా అని భయపడి వచ్చారు!

ఈ మాటలు మనకు తేలిగ్గా పట్టుబడతాయి. మాడు కంపు, చెమట కంపు అని మనం ఎలా అంటామో, వాళ్లూ కుసాయ్ ముందు ఒక మాట చేరుస్తారు. చెమటకు అసెకుసాయ్. బూజు వాసనకు కబికుసాయ్. జూన్, జూలై వానల్లో అల్మారా తెరిస్తే అదే గుర్తొస్తుంది. నాకు బాగా నచ్చింది నమగుసాయ్. చేపలు కడిగిన సింకు, గుడ్డు సొన అంటిన గ్లాసు... అచ్చంగా మన నీచు వాసన. ఇంగ్లీషులో దీనికి సరైన మాట దొరక్క తడుముకుంటాం, జపనీస్‌లో ఆ ఇబ్బందే లేదు. ఇక్కడ కుసాయ్ కాస్తా గుసాయ్ అవుతుంది, గమనించండి.

ఇంట్లోనే ఆరేసిన తువ్వాలు ముక్కిన వాసన వస్తే 'నమగవాకి నో నియోయ్' అంటారు, సరిగ్గా ఆరని బట్టల వాసన అని. నియోయ్ అంటే వాసన.

మనిషిని గానీ, ఎదుటివాళ్ల తిండిని గానీ కుసాయ్ అనకండి. చాలా మొరటుగా ఉంటుంది. ఇంటి గురించి ఫిర్యాదు చేయాలన్నా 'హెన్ న నియోయ్ గ షిమసు', ఏదో తేడా వాసన వస్తోంది, అంటే మర్యాదగా ఉంటుంది.

అన్నిటికన్నా ముందు కంఠస్థం చేయాల్సింది గసుకుసాయ్, గ్యాస్ వాసన. అలా అనిపిస్తే కిటికీలు తెరిచి, గ్యాస్ ట్యాప్ కట్టేయండి. లైటు, ఫ్యాను స్విచ్‌లు ముట్టుకోవద్దు. బయటికి వెళ్లాకే గ్యాస్ కంపెనీకి ఫోన్ చేసి 'గసుకుసాయ్ దెసు' అనండి. కనెక్షన్ ఇవ్వడానికి మనిషి వచ్చిన రోజే ఎమర్జెన్సీ నంబరు అడిగి ఫోన్‌లో పెట్టుకోండి. మీ అడ్రసు జపనీస్‌లో చదివి చెప్పడం కూడా ఆ వారంలోనే అలవాటు చేసుకోండి, అవతలివాళ్లు వెంటనే అడిగేది అదే.