సింగపూర్ హాకర్ సెంటర్‌లో తినడం: కొత్తగా వచ్చిన తెలుగువారికి

సింగపూర్‌కు ఉద్యోగం మీదో చదువు కోసమో వచ్చిన మనవాళ్లు మొదటి కొన్ని వారాలు లిటిల్ ఇండియా దాటి తినడానికి జంకుతారు. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ వంటి హోటళ్లు అందుబాటులో ఉండగా దోసె కోసం అక్కడికి వెళ్లడంలో తప్పేమీ లేదు. అయితే ఈ ఊరు రోజూ తినేది హాకర్ సెంటర్లలోనే. చైనా, మలయ్, తమిళ వంటల దుకాణాలు ఒకే కప్పు కింద పక్కపక్కనే ఉండే ఈ సంస్కృతిని యునెస్కో 2020లో వారసత్వ జాబితాలో చేర్చింది.

మధ్యాహ్నం రద్దీలో ముందు చోటు చూసుకుని, తరువాతే వరుసలో నిలబడాలి. ఖాళీ బల్ల మీద టిష్యూ కాగితాల పొట్లం కనబడితే ఎవరో మరచిపోయారనుకోకండి. ఆ చోటు ఎవరో పట్టుకున్నారని దాని అర్థం, దీనినే ఇక్కడ ‘చోప్’ చేయడం అంటారు. దుకాణదారులను వయసును బట్టి అంకుల్, ఆంటీ అని పిలవడం ఇక్కడి మర్యాద. పార్సిల్ కావలసినవారు ‘దాబావ్’ అంటే సరిపోతుంది.

శాకాహారులు అసలు జాగ్రత్త పడవలసింది ప్రశ్న అడిగే తీరులో. వచ్చిన కొత్తలో నేను ఒక దుకాణంలో మాంసం లేకుండా నూడుల్స్ చేసి ఇమ్మన్నాను. దుకాణంలోని ఆంటీ సరేనని తలూపి, నా కళ్ల ముందే మాంసం ముక్కలు పక్కన పెట్టి, పెనం మీద కోడిగుడ్డు కొట్టి, ఆయిస్టర్ సాస్ (సముద్రపు గుల్లలతో చేసేది) ధార పోసింది. ఆమె నన్ను మోసగించలేదు. నేను వద్దన్నది మాంసాన్ని మాత్రమే. అందువల్ల గుడ్డు, చేప, రొయ్య, ఆయిస్టర్ సాస్ వద్దని ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పడం మేలు. పైకి కనిపించనివే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. చికెన్ రైస్‌లో ముక్కలు తీసేసినా ఆ అన్నం ఉడికింది కోడి రసంలోనే. నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నంతో ఇచ్చే సంబల్ అనే మిరపకాయల పచ్చడిలో, తోటకూరలా కనిపించే కంకోంగ్ అనే ఆకుకూర వేపుడులో సాధారణంగా బెలచాన్ అనే రొయ్యల ముద్ద కలుస్తుంది. ప్రాటాతో (మన పరోటా వంటిది) ఇచ్చే కూర చేపదో మాంసానిదో కావచ్చు కనుక పప్పు కావాలని ముందే చెప్పాలి. గొడ్డుమాంసం తిననివారు రెండాంగ్ అనే మసాలా మాంసం కూర దేనితో వండారో అడగాలి.

ఇంత విచారణ విసుగనిపించినవారికి చైనీయుల శాకాహార దుకాణాలు గొప్ప ఆసరా. బౌద్ధ సంప్రదాయం పాటించే దుకాణాల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. అక్కడ అచ్చం మాంసంలా కనిపించే ముక్క సోయాతోనో గోధుమ జిగురుతోనో చేసినది కనుక కంగారు పడనవసరం లేదు, కాకపోతే ఆ రూపం చూసి నాకు మాత్రం ఇప్పటికీ మొదటి ముద్ద దిగదు.

కాఫీకి వేరే పరిభాష ఉంది. ఉత్త ‘కోపి’ అంటే తీపి కలిసిన చిక్కటి కండెన్స్‌డ్ మిల్క్ వేసి ఇస్తారు. ‘కోపి ఓ’ అంటే పాలు లేని, చక్కెర ఉన్న కాఫీ. ‘కోపి సీ’ అంటే ఎవాపరేటెడ్ పాలు, చక్కెర కలిపినది. చివర ‘కొసోంగ్’ అని చేరిస్తే చక్కెర వేయరు, ‘సియూ దాయ్’ అంటే తగ్గిస్తారు, ‘పెంగ్’ అంటే ఐసు వేస్తారు. టీకి ‘తే’ అని మార్చుకుంటే చాలు.

తిన్నాక పళ్లెం బల్ల మీద వదిలి వెళ్లకూడదు. హాకర్ సెంటర్లలో 2021 సెప్టెంబరు నుంచి ఈ నియమాన్ని కచ్చితంగా అమలు చేస్తున్నారు. తొలిసారి హెచ్చరిస్తారు, ఆపైన 300 డాలర్ల జరిమానా పడవచ్చు. హలాల్ పళ్లేలకు చాలాచోట్ల వేరే అర ఉంటుంది, వాటిని మిగతావాటితో కలిపేయకండి.

రెస్టారెంట్‌కు వెళ్లినప్పుడు మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఉంటే ధర మీద 10 శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ వేస్తారు గనుక 20 డాలర్ల వంటకానికి చివరకు 23.98 డాలర్లు కట్టాలి. టిప్పు ఇచ్చే అలవాటు ఇక్కడ లేదు. చైనీస్ రెస్టారెంట్లలో కూర్చోగానే అడగకుండా తెచ్చిపెట్టే వేరుశనగపప్పుకు, తడి రుమాలుకు కూడా చాలాచోట్ల బిల్లు వేస్తారు. అక్కరలేకపోతే ముట్టుకోకముందే వెనక్కి పంపవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.