పిటిషన్ తీసుకున్నారు, కేసు కట్టలేదు: ఇప్పుడేం చేయాలి?

స్టేషన్‌లో పిటిషన్ ఇచ్చాం కాబట్టి ఇక కేసు అయిపోయినట్టే అనుకుని చాలామంది ఇంటికి వచ్చేస్తారు. పిటిషన్ వేరు, ఎఫ్‌ఐఆర్ వేరు: పిటిషన్ అంటే మీరిచ్చే ఫిర్యాదు, ఎఫ్‌ఐఆర్ అంటే దాని మీద పోలీసులు అధికారికంగా నమోదు చేసే కేసు. వారం తిరిగి వెళ్తే "ఏ పిటిషన్?" అని అడుగుతారు చూడండి, పోలీసుల మీద జనానికి నమ్మకం పోయేది సరిగ్గా అక్కడే.

అందుకని తెల్ల కాగితం మీద ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారో తేదీలతో సహా రాసి, రెండో కాపీ మీద స్టేషన్ స్టాంపు, తేదీ వేయించుకునే బయటికి రండి. రాయడం రానివాళ్లు నోటితో చెబితే చాలు, వాళ్లే రాసుకుని చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపితే మాత్రం మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి.

దోపిడీ, కిడ్నాప్, అత్యాచారం లాంటి, వారెంట్ లేకుండా అరెస్టు చేయగల నేరమైతే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లోనే సుప్రీంకోర్టు లలితా కుమారి కేసులో చెప్పింది. "మా పరిధి కాదు" అనడానికీ లేదు, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పని లేకుండా కట్టే ఎఫ్‌ఐఆర్, నమోదు చేయాలి. కాపీ మీకు ఉచితం, జిరాక్స్ డబ్బులు కూడా ఇవ్వక్కర్లేదు. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం ఎఫ్‌ఐఆర్ కట్టే ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజులు ప్రాథమిక విచారణ చేయొచ్చు, కాబట్టి ఎస్సై ఆ మాట చెబితే అనుమతి ఉందా, ఏ రోజు మొదలైంది అని మర్యాదగా అడగండి. చిన్న గొడవలైతే స్టేషన్ పుస్తకంలో రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లమంటారు, అది తప్పించుకోవడం కాదు, పద్ధతే అంత.

అసలు బాధంతా "పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకోండి" అని పంపేసినప్పుడు. గొంతు పెంచకండి, అలాగని వదిలేయకండి కూడా. అదే ఫిర్యాదు ఎస్పీకి, కమిషనరేట్ ఉన్న హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల కమిషనర్‌కి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే ఆ రసీదు, స్టాంపు పడ్డ కాపీ, అఫిడవిట్ జతచేసి మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు వేయాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 175(3) సెక్షన్ కింద ఆయన దర్యాప్తుకు ఆదేశించగలరు. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ఇస్తారు.

కేసు కట్టాక 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులే మీకు తెలియజేయాలి. ఆ తేదీ ఎఫ్‌ఐఆర్ కాపీ వెనకాలే రాసి పెట్టుకోండి.